మేస్త్రీ ఇచ్చిన సంఖ్య

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. కింద షెడ్డులో తాతయ్య, వంటగదిలో నానమ్మ, నడవాలో కుట్టుమిషను ముందు అమ్మ, మెట్ల మీద క్లారినెట్ తుడుచుకుంటూ బాబాయి, ఆ మెట్ల కిందే చాప మీద లెక్కల పుస్తకం పెట్టుకుని గుసగుస. నాన్న లేడు. బాగుచేసిన గేరు చక్రం ఒకటి అప్పజెప్పడానికి పొద్దున్నే పక్క ఊరు వెళ్ళాడు.

గుసగుస అన్నది అసలు పేరు కాదు, బాబాయి పెట్టిన పేరు. ఆ పిల్ల ఏం చెప్పినా పక్కవాళ్ళు చెవి దగ్గరపెట్టి వినాల్సిందే. బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. ఎత్తితే అందరూ తనవైపు తిరుగుతారని భయం. లెక్కల పంతులమ్మే బెంచీ దగ్గరికొచ్చి, పుస్తకంలోకి తొంగిచూసి, "నీకు వచ్చని నాకు తెలుసులే" అని వెళ్ళిపోయేది. ఆ పంతులమ్మే ఈ ఏడు ఒక పరీక్ష రాయమంది. లెక్కలు బాగా వచ్చే పిల్లలను ఏరి, రెండేళ్ళు వాళ్ళకు లెక్కలే ప్రత్యేకంగా చెప్పే చోటుకి ఆ పరీక్ష.

రాస్తానని గుసగుస తల ఊపింది. కానీ ఎక్కడ కూర్చుని చదవాలి? నడవాలో కూర్చుంటే కుట్టుమిషను టకటక. షెడ్డులో కూర్చుంటే ఇనుము కోసే లేత్ గొంతు. మెట్ల కింద కూర్చుంటే నెత్తిమీద బాబాయి క్లారినెట్. ఒక లెక్క సగానికి వచ్చేసరికి ఎవరో ఒకరు దారం అందుకోమనో, నూనె డబ్బా పట్టుకురమ్మనో పిలుస్తారు. తిరిగొచ్చి చూస్తే ఆ సగం కూడా బుర్రలోంచి ఎగిరిపోయి ఉండేది.

ఇంటి పైన ఒకే ఒక గది ఉంది. అందులో ఇన్నాళ్ళూ అద్దెకున్న నర్సుకు వేరే ఊరికి బదిలీ అయింది. ఆమె సామాను బండెక్కిందో లేదో, గది నాకంటే నాకని గొడవ మొదలైంది.

గొడవ అంటే, చేసింది బాబాయి ఒక్కడే.

"నాన్నా, ఆ గది నాకిచ్చెయ్. పెళ్ళిళ్ళలో వాయించే బృందంలో చేరాలంటే రోజూ సాధన ఉండాలి."

"ఇచ్చెయ్యండి బాబూ," అంది నానమ్మ వంటగదిలోంచి. "వాణ్ణి అందులో పెట్టి తలుపేస్తే మాకు చెవులైనా మిగులుతాయి."

"చూశావా, అమ్మ కూడా నా పక్షమే."

"నీ పక్షం కాదురా, నా చెవుల పక్షం."

అమ్మ మిషను ఆపింది. "మావయ్యగారూ, పిల్లకి పరీక్ష ఉంది. అదీ అడగాలనే చూస్తోంది, నోరు పెగలడం లేదు."

తాతయ్య షెడ్డు గుమ్మంలోకొచ్చి, చేతులకున్న గ్రీజు గుడ్డకు తుడుచుకుంటూ మనవరాలివైపు చూశాడు. "ఏమే, నీక్కావాలా?"

గుసగుస తల ఊపింది.

"ఇద్దరికీ కావాలి. గదేమో ఒకటి. అయితే విరగ్గొట్టండి."

ఆ ఇంట్లో ఏ తగువైనా అలాగే తీరేది. తాతయ్య ఒక సంఖ్య రాసిస్తాడు. దాన్ని ముందు ఎవరు ముక్కలు చేస్తే వాళ్ళ మాట నెగ్గినట్టు. గేరు చక్రాలు కోసేవాళ్ళకు అది రోజువారీ పని. ఒక ఇరుసు మూడువందల తొంభైఒక్క సార్లు తిరిగితే ఇంకొకటి ఒక్కసారే తిరగాలనుకుందాం. అన్ని పళ్ళున్న చక్రం ఎవరూ కొయ్యరు. ఆ సంఖ్యను, గుణిస్తే మళ్ళీ అదే వచ్చే పదిహేడు, ఇరవైమూడు కింద విరగ్గొట్టి చిన్న చక్రాలతో పని కానిస్తారు. ఎంతకీ విరగనిదాన్ని షెడ్డులో మొండి అంటారు. బడిలో దాన్నే ప్రధాన సంఖ్య అంటారు.

మొండి అని తేల్చడానికీ అక్కడో పద్ధతి ఉంది. గోడకున్న ర్యాకులో చక్రాలన్నీ పళ్ళ వరసన వేలాడుతుంటాయి. అన్నిటికన్నా పెద్దది నూట ఇరవై ఏడు పళ్ళది. చిన్నదాని దగ్గర మొదలుపెట్టి అక్కడిదాకా భాగించుకుంటూ పోవాలి. అప్పటికీ విరగకపోతే అది మొండే. షెడ్డు పెట్టిన నాటి నుంచీ ఆ పద్ధతితో ఎవరికీ ఇబ్బంది రాలేదు. అంతకన్నా పెద్ద ముక్క ఏదైనా ఉన్నా, దానికి సరిపడే చక్రం ఎలాగూ లేదు.

తాతయ్య పలక తీసుకుని కాసేపు దానివైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత గబగబా రాసేశాడు.

9999983359.

"అబ్బో!" బాబాయి ఈల వేశాడు. "తొమ్మిది వందల తొంభైతొమ్మిది కోట్ల తొంభైతొమ్మిది లక్షల ఎనభైమూడు వేల మూడువందల యాభైతొమ్మిది. ఒక గదికి ఇంత నంబరా నాన్నా? ఇల్లంతా రాసిచ్చేలా ఉన్నావే!"

"పెన్సిలూ కాగితమే. ఫోన్లు మీ అమ్మ దగ్గర పెట్టండి. విరగ్గొడితే గది వాళ్ళదే. మొండి అని ముందు ఎవరన్నా, వంట దిగేలోపు రెండోవాళ్ళు విరగ్గొట్టకపోతే అన్నవాళ్ళదే."

నానమ్మ ఫోన్లు రెండూ తీసుకుని పిండి డబ్బా మీద పెట్టింది. "తొందరగా తేల్చండి. నా పొయ్యి మీ కోసం ఆగదు."

బాబాయి ర్యాకు ముందు స్టూలు వేసుకున్నాడు. అతనికి చెయ్యి వేగం. పైకే అనుకుంటూ పోతున్నాడు. "ఏడుతో రెండు మిగిలింది. పదకొండుతో లేదు. పదమూడుతోనూ రెండే మిగిలింది. ఏంటిది, నన్ను వెక్కిరిస్తోందా?"

గుసగుస కూడా మొదట ఆ దారినే పట్టింది. అంకెలన్నీ కూడితే డెబ్భైమూడు. కాబట్టి మూడుతో పోదు. చివర తొమ్మిదుంది కాబట్టి రెండుతో, ఐదుతో పోదు. పదిహేడు దాకా వచ్చేసరికి బాబాయి ఇరవైతొమ్మిది మీదున్నాడు. ఈ పరుగులో అతన్ని అందుకోవడం తనవల్ల కాదని ఆమెకు అర్థమైంది.

పెన్సిలు పక్కన పెట్టి ఊరికే ఆ సంఖ్యను చూస్తూ కూర్చుంది.

అన్ని తొమ్మిదులు ఒక్కచోట ఉంటే చూడటానికి ఎలా ఉందంటే, నిండబోయి ఆగిన కుండలా ఉంది. ఇంకాస్త పోస్తే వెయ్యి కోట్లు. ఎంత పొయ్యాలి? కాగితం మీద తీసివేసింది. పదహారువేల ఆరువందల నలభైఒకటి.

వెయ్యి కోట్లంటే లక్షను లక్షతో గుణించడమే కదా. నాలుగు పక్కలా లక్ష ఉన్న చదరం. అందులోంచి పదహారువేల ఆరువందల నలభైఒకటి తీసేశారు. ఆ తీసేసింది కూడా చదరమే అయితే?

నూటముప్పైని నూటముప్పైతో గుణిస్తే పదహారువేల తొమ్మిదివందలు. అది ఎక్కువైంది. ఒకటి తగ్గించింది. నూట ఇరవైతొమ్మిదిని నూట ఇరవైతొమ్మిదితో గుణించి, కింద గీత గీసి, కూడింది.

పదహారువేల ఆరువందల నలభైఒకటి.

తప్పేమోనని మళ్ళీ గుణించింది. అదే వచ్చింది. పెద్ద చదరంలోంచి చిన్న చదరం పోతే మిగిలేది ఎలా విరుగుతుందో పంతులమ్మ చెప్పింది. రెండు పక్కలనూ కలిపితే ఒక ముక్క, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే ఇంకో ముక్క. లక్షా నూట ఇరవైతొమ్మిది ఒకటి. తొంభైతొమ్మిది వేల ఎనిమిదివందల డెబ్భైఒకటి రెండోది.

ఇక చెప్పాలి. లేచి నిలబడి, "తాతయ్యా" అంటే చాలు. ఆమె కాగితం మడిచి లేవబోయింది. ఈలోగా షెడ్డు అదిరిపోయేలా కేక వినిపించింది.

"మొండి!" బాబాయి స్టూలు మీంచి దూకాడు. "నూట ఇరవై ఏడు దాకా చూశాను. ఒక్కటీ పట్టలేదు. మొండే నాన్నా! అమ్మా, నీ చెవులకు మంచి రోజులొచ్చాయి!"

తాతయ్య నవ్వలేదు. పలకను ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

"నువ్వూ అదే అన్నావన్నమాట. ఇది ఎక్కడి నంబరో తెలుసురా నీకు? మా మేస్త్రీ ఇచ్చింది."

ఆ మేస్త్రీ గురించి ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. తాతయ్య వయసులో ఉండగా ఒక పెద్ద కర్మాగారంలో చేరాడు. అక్కడి మేస్త్రీ ఒకరోజు ఒక సంఖ్య రాసిచ్చి, ఇది విరగ్గొట్టి చూపించు, పెద్ద మిషను నీ చేతికిస్తాను అన్నాడట. తాతయ్య అక్కడి ర్యాకులో చివరిదైన నూట ఇరవై ఏడు పళ్ళ చక్రందాకా ప్రయత్నించి మొండి అని చెప్పాడు. మేస్త్రీ తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. విరగనిది చేతిలో పెట్టి ఆశపెట్టాడని తాతయ్యకు ఒళ్ళు మండి, ఆ పని మానేసి సొంతంగా ఈ షెడ్డు పెట్టుకున్నాడు. కథ అందరికీ కంఠతా వచ్చు. ఆ సంఖ్య ఏమిటో మాత్రం తాతయ్య ఎప్పుడూ చెప్పలేదు.

"ఆ మనిషి మోసగాడని ఇన్నేళ్ళుగా అంటున్నాను. ఎక్కడో ఒక మూల అనుమానం ఉండేది, నేనే చూడలేకపోయానేమోనని. ఇవాళ తీరిపోయింది."

గుసగుస లేవబోయినదల్లా చాప మీదే ఉండిపోయింది.

చేతిలో కాగితం ఉంది. అందులో రెండు ముక్కలూ ఉన్నాయి. ఇది చూపిస్తే గది తనది. కానీ మేస్త్రీ మోసగాడు కాదని తేలిపోతుంది. మోసగాడు కాకపోతే తాతయ్య ఆ పని మానెయ్యడం, ఇన్నేళ్ళ తిట్లు, ఇవన్నీ ఏమవుతాయి? చూపించకపోతే ఎవరికీ ఏమీ కాదు. తాను మెట్ల కింద ఉండిపోతుంది, అంతే. అలవాటే కదా.

"కంచాలు పెట్టండర్రా!" నానమ్మ కేకేసింది. "వంట దిగుతోంది!"

తాతయ్య సుద్దముక్క తీసుకున్నాడు. సంఖ్య కింద అడ్డగీత గీస్తే మొండి అని తీర్పు అయిపోయినట్టే.

"విరుగుతుంది," అంది గుసగుస.

ఎవరికీ వినపడలేదు. బాబాయి అప్పటికే క్లారినెట్ పెట్టె మూసి, పైగదిలో కిటికీ ఎటుందో అమ్మను అడుగుతున్నాడు. ఆ కిటికీ దగ్గర కూర్చుని ఒక్క లెక్కనైనా మొదటి నుంచి చివరిదాకా చెయ్యాలని తాను ఎన్నిసార్లు అనుకుందో గుసగుసకు గుర్తొచ్చింది. లేచి, ర్యాకు దగ్గరికి నడిచి, సుద్దముక్క పట్టుకున్న తాతయ్య చేతిమీద చెయ్యి వేసింది.

"తాతయ్యా, ఆగు. అది మొండి కాదు."

ఈసారి గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, ఆమే ఉలిక్కిపడింది. మిషను ఆగింది. నానమ్మ గరిటెతో సహా గుమ్మంలోకొచ్చింది.

"గుసగుస అరిచింది!" అన్నాడు బాబాయి. "అందరూ విన్నారా? నాకొక్కడికేనా?"

"నువ్వు నోరు ముయ్యరా," అన్నాడు తాతయ్య. "ఏంటే, చెప్పు."

గుసగుస కాగితం చూపించింది. అందులో అంకెలకు బదులుగా తాను రాసుకున్న బీజగణితం అక్షరాలు చూసి తాతయ్య కళ్ళు చిట్లించాడు. "లెక్కలో ఈ అక్షరాలేంటే? నాకిలా చెబితే ఎక్కదు."

నోటితో చెప్పడం గుసగుసకు ఎప్పుడూ కష్టమే. అమ్మ దగ్గరికెళ్ళి కత్తెర, దుస్తుల కొలతలకు వాడే మందపాటి కాగితం తెచ్చుకుంది. నడవాలోకి తెరుచుకునే షెడ్డు గుమ్మం దగ్గర నేలమీద కూర్చుని నాలుగు పక్కలా సమంగా ఒక చదరం కత్తిరించింది.

"ఇది పక్కకు లక్ష ఉన్న చదరం. మొత్తం వెయ్యి కోట్లు."

"సరే."

ఒక మూల నుంచి చిన్న చదరం కత్తిరించి పక్కన పెట్టింది. "ఇది పక్కకు నూట ఇరవైతొమ్మిది. ఇది పోతే మిగిలింది నీ నంబరు. కావాలంటే తీసి చూడు."

తాతయ్య పలక మీద తీసి చూశాడు. సరిపోయింది.

మూల తెగిన కాగితం వంకరగా ఉంది. గుసగుస దాని పొడుగు చెయ్యిలాంటి భాగాన్ని కత్తిరించి, తిప్పి, మిగతాదాని పక్కన ఆనించింది. వంకర పోయింది. నాలుగు మూలలూ తిన్నగా ఉన్న నిలువు ముక్క వచ్చింది.

"ఓహో," అంది అమ్మ, మిషను మీంచి వంగి చూస్తూ. "బట్ట తక్కువైనప్పుడు నేను అతుకు వేసేది ఇలాగే."

"ఇప్పుడు ఒక పక్క లక్షకన్నా నూట ఇరవైతొమ్మిది ఎక్కువ. ఇంకో పక్క లక్షకన్నా నూట ఇరవైతొమ్మిది తక్కువ. ఆ రెండూ గుణిస్తే నీ నంబరే వస్తుంది."

తాతయ్య పలక తుడిచాడు. 100129, దాని కింద 99871 రాశాడు. వరస వరసగా గుణించుకుంటూ పోతుంటే అందరూ ఆయన చేతినే చూస్తున్నారు. బాబాయి కూడా. చివరి కూడిక కుడి నుంచి మొదలైంది. తొమ్మిది, ఐదు, మూడు, మూడు, ఎనిమిది. ఆ తర్వాత అన్నీ తొమ్మిదులే.

"విరిగింది," అన్నాడు తాతయ్య.

నానమ్మ ఆయన ముఖంలోకి చూసి గరిటె పక్కన పెట్టింది. గుసగుసకు ఏడుపొచ్చేలా ఉంది. ఇప్పుడు ఏమంటాడో, ఎందుకు చెప్పానో అనుకుంటూ తల దించుకుంది.

"అయితే ఆ మనిషి నాకు విరిగేదే ఇచ్చాడు," అన్నాడు తాతయ్య నెమ్మదిగా. "నేను విరగ్గొడతాననే ఇచ్చాడు." అని, గడ్డం రుద్దుకుని, ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. "ఒసేయ్, నన్ను అంత లెక్క వచ్చినవాడినని అనుకున్నాడే ఆయన! నేనేమో తిట్టిపోస్తూ కూర్చున్నాను."

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను, ఆయన చూస్తే మంచిమనిషిలాగే ఉన్నాడని," అంది నానమ్మ.

"నువ్వెప్పుడు చూశావే ఆయన్ని?"

"చూడకపోతే మాత్రం తెలీదా?"

బాబాయి ఊరుకోలేదు. "ఇది అన్యాయం. తొంభైతొమ్మిది వేల పళ్ళున్న చక్రం ఎక్కడుంది? కోస్తే ఈ వీధి పట్టదు. ర్యాకులో లేని ముక్క ముక్కేంటి?"

"ర్యాకు అయిపోతే నంబరు అయిపోయినట్టా?" అని తాతయ్య మనవరాలివైపు తిరిగాడు. "ఏమే, మరి దీనికి ఎక్కడిదాకా చూసుంటే తెలిసేది?"

"లక్ష దాకా."

"లక్షా!"

"రెండు ముక్కలూ లక్ష దాటితే, గుణించినప్పుడు వెయ్యి కోట్లు దాటిపోతుంది కదా తాతయ్యా. ఇదేమో వెయ్యి కోట్లకు తక్కువ. అందుకని ఒక ముక్కైనా లక్ష లోపు ఉండి తీరాలి."

తాతయ్య పలక అంచున రెండు లక్షలు ఒకదాని కింద ఒకటి రాసి చూసుకున్నాడు. "నేను నూట ఇరవై ఏడు దగ్గర ఆగిపోయాను," అన్నాడు. ఆ గొంతులో బాధ లేదు. తాళం ఎక్కడ పడిపోయిందో తెలిసినవాడి గొంతులా ఉంది. "సరే, ఈ రెండు ముక్కల సంగతేంటి? ఇవి ఇంకా విరుగుతాయా? ఇవన్నా మొండేనా?"

"తెలీదు. చూడాలి."

"వీటికి ఎంతదాకా చూడాలి?"

గుసగుస పెదాలు కదుపుతూ లెక్క వేసింది. "మూడువందల పదహారు దాకా చూస్తే చాలు. మూడువందల పదిహేడును దానితోనే గుణిస్తే ఈ రెండిటినీ దాటిపోతుంది."

"చూడు మరి. నేను ఎదురుచూస్తుంటాను." పలక ఆమె చేతిలో పెట్టాడు. "పైకెళ్ళి చూడు. ఇక్కడ ఈ గోలలో కుదరదు."

ఆమె తాను విన్నది నిజమేనా అన్నట్టు అమ్మవైపు చూసింది. అమ్మ కత్తెర తీసుకుని మిషను మీద పెట్టుకుంటూ, "వెళ్ళవే," అంది. "తిండి పైకి పంపిస్తాలే."

చాప చుట్ట చుట్టి చంకన పెట్టుకుని, పుస్తకం, పలక పట్టుకుని గుసగుస మెట్లెక్కింది. వెనకాల బాబాయి దీపం, చిన్న బల్ల మోసుకొచ్చాడు. గదిలో నర్సు వదిలేసిన మందుల వాసన ఇంకా ఉంది. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తున్నాయి. కింద లేత్ తిరుగుతున్నా, ఇక్కడికి నేల సన్నగా అదరడమే తెలుస్తోంది.

"బాబాయ్, నీకు కోపమా?"

"లేకుండా ఎలా ఉంటుంది? గది పోయింది, పెళ్ళిళ్ళూ పోయాయి." బల్లను కిటికీ కిందకు జరిపి, కదలకుండా ఒక కాలు కింద అట్టముక్క మడిచిపెట్టాడు. "ఇంకా నేర్చుకునేవాణ్ణి కదా, షెడ్డులోనే ఊదుకుంటా. లేత్ చప్పుడులో తప్పులు వినపడవు."

గుసగుస నవ్వింది. చాప పరిచి కూర్చుని, 99871 పైన రాసుకుంది. నూట ఇరవై ఏడు దాకా బాబాయి ఎలాగూ చూసేశాడు. నూట ముప్పైఒకటి, నూట ముప్పైఏడు, నూట ముప్పైతొమ్మిది. మొదటి మూడూ పట్టలేదు. నూట నలభైతొమ్మిది మొదలుపెట్టింది.

కింద నుంచి నానమ్మ పిలుపు వినిపించింది. "ఏమేవ్, ఆ నూనె డబ్బా ఎక్కడ పెట్టావే?"

గుసగుస అలవాటుగా లేవబోయింది. బాబాయి అడ్డంగా చెయ్యి చాపాడు.

"కూర్చో. నేను వెళ్తాను. నీకు మీ తాత పని ఉంది." గుమ్మం దాటి, తలుపు రెక్క పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. "ఏదైనా విరిగితే కేకెయ్. విరక్కపోయినా కేకెయ్. ఇందాకటిలా కిందిదాకా వినపడాలి."

"వినపడుతుంది," అంది గుసగుస, తల ఎత్తకుండానే.

బాబాయి బయటినుంచి తలుపు దగ్గరికి లాగి మూసేశాడు.